పదకొండు కుట్లు

మేకలకు సంబంధించినదంతా నేను ఒక పొడుగు పుస్తకంలో రాస్తాను. అంతకుముందు ఇరవై రెండేళ్లు మా ఊరి పాల కేంద్రంలో లెక్కలు రాసేదాన్ని. ఉదయం ఐదు నుంచి ఏడు దాకా, సాయంత్రం ఐదు నుంచి ఆరున్నర దాకా, ఎవరు ఎన్ని పాలు పోశారు, వెన్న ఎంత వచ్చింది అని. కేంద్రం మూతపడ్డాక కూడా చెయ్యి ఊరుకోలేదు. మేక ఏ రోజు పోతుకు కట్టింది, నూట యాభై రోజులు ఎప్పటికి నిండుతాయి, పిల్ల పుట్టినప్పుడు చెవి ఎన్ని అంగుళాలు, పూటకు పాలెన్ని, అన్నీ ఆ పుస్తకంలో ఉంటాయి.

శ్రీకూర్మం దాటి సముద్రం వైపు వెళ్లే దారిలో మా ఊరు. ఇంట్లో ఇద్దరమే ఆడవాళ్లం. నేను, మా ఆడపడుచు. నాకన్నా తొమ్మిదేళ్లు చిన్నది. భర్త పోయాక పుట్టింటికి వచ్చేసింది. ఆ తర్వాత నాలుగో ఏట మా ఆయన కూడా పోయారు. ఆయన ఉన్నప్పుడే పొడుగు చెవుల జాతి మేకను ఒకదాన్ని కొన్నాం. అది రెండో ఈతలో ఒక్క పెట్టపిల్లను కని మూడో రోజున చచ్చిపోయింది. ఆ పిల్లను మా ఆడపడుచు సీసాతో పాలు పట్టి పెంచింది. తెల్లటి ఒళ్లు, చిలకముక్కు, పదమూడు అంగుళాల చెవులు. దానికి పేరు పెట్టలేదు. తెల్లది అంటే అదే.

పాలు తీసేది ఆడపడుచు, రాసేది నేను. పిండడం అయ్యాక కొలపాత్ర పైకెత్తి, పాకలోంచే కేకేసి చెప్పేది.

"లీటరున్నర, వదినా."

"నురగ తీసేసి సెప్పు."

"నురగ నీ పుస్తకానికి పూసుకో. లీటరున్నర."

నేను లీటరు నాలుగు వందలు అని రాసేదాన్ని. ఆమెకు తెలుసు. రోజూ ఇదే తంతు.

జాతి మేకలు పెంచినంత మాత్రాన జాతి మేకలని ఎవరూ కొనరు. తల్లికి పేరుండాలి. పేరంటే పశువుల ప్రదర్శనలో కప్పు. అది లేకపోతే ఎంత మంచి పిల్లయినా కాటా ఎక్కుతుంది, మాంసం తూకానికి పోతుంది. మూడేళ్లలో మా పాకలోంచి ఎనిమిది పిల్లలు అలా పోయాయి. దేని తూకం ఎంతో రాసి ఉంచాను. కాటా తెచ్చేవాడు వచ్చిన రోజున మా ఆడపడుచు పెరటి తలుపు వేసుకుని లోపల కూర్చునేది. వాడు వెళ్లిపోయాక తల్లి దగ్గరికి వెళ్లి, గడ్డి వేసి, నాతో మాట్లాడకుండా అన్నం తినేది. తెల్లదానికి మొదటి బహుమతి వస్తే దాని పిల్లల్ని పెంపకానికే కొంటారని నేనే ఆమెకు చెప్పాను. అది అబద్ధం కాదు.

పాడి మేకల పోటీలో చూసేది పొదుగు. పోటీకి తెచ్చేవాళ్లందరూ ముందు రోజు సాయంత్రం పాలు తీసి, తెల్లవారి పూట తీయకుండా తెస్తారు. పొదుగు నిండి బిర్రుగా నిలబడుతుంది, కొలతకు పెద్దగా కనిపిస్తుంది. తప్పని ఎవరూ అనుకోరు. రోజూ పన్నెండు గంటలకోసారి పిండే మేకను పదహారు గంటలు ఆపుతారు. పోటీ అయిన వెంటనే పిండేస్తారు. నేను ఇంట్లో రెండుసార్లు పద్నాలుగు గంటలు, రెండుసార్లు పదహారు గంటలు ఆపి చూశాను. ఏమీ కాలేదు. రాసి ఉంది.

అయినా ఒక ఏడు మాకు రెండో బహుమతే వచ్చింది. ఆ ఏడు ప్రదర్శన మైదానంలో తెల్లది అరుస్తుంటే మా ఆడపడుచు టెంటు వెనక్కి తీసుకెళ్లి గ్లాసెడు పాలు తీసేసింది. నాకు చెప్పలేదు. న్యాయనిర్ణేత పొదుగు ఒక పక్క జారిందని రాశాడు. ఇంటికి వచ్చాక సంచిలో పాలవాసన వస్తున్న గ్లాసు చూసి అడిగాను.

"అరస్తంటే తీసీనాను," అంది. "నువ్వైతే సూస్తా కూకుంటావా?"

కూర్చుంటాను అని చెప్పాను.

మరుసటేడు ప్రదర్శన ఫిబ్రవరిలో ఒక ఆదివారం, నరసన్నపేట దగ్గర. తెల్లది డిసెంబరులో ఈని రెండు నెలలయింది. ఒక పోతుపిల్ల, ఒక పెట్టపిల్ల. పాలు మంచి పొంగు మీద ఉన్నాయి. పది రోజుల ముందు నుంచి ఉలవలు ఉడకబెట్టి, బెల్లం కలిపి పెట్టాను. గిట్టలు చెక్కించాను. కొమ్ములకు కొబ్బరినూనె రాశాం. పిల్లలు తాగకుండా పొదుగుకు కట్టే గుడ్డ సంచి ఒకటి మేకలున్న ప్రతి ఇంట్లో ఉంటుంది. నాడాలు నడుం మీద ముడి వేస్తారు. శనివారం సాయంత్రం ఐదింటికి ఆడపడుచు పాలు తీసింది. తర్వాత నేను కొత్త మల్లుగుడ్డ సంచి తొడిగి, నాడాలు ముడి వేయకుండా, సంచి అంచులు దగ్గరకు లాగి సూదీ దారంతో కుట్టేశాను. సంచికే కుట్టాను, ఒంటికి కాదు. మేక కదల్లేదు. ఆడపడుచు దాని తల పట్టుకుని నిలబడింది.

"నా మీద నమ్మకం లేక కుట్టేస్తన్నావా?"

"లేకనే."

"సరే. కుట్టు."

పదకొండు కుట్లు అని పుస్తకంలో రాసుకున్నాను. కత్తెర నా చేతిసంచిలో పెట్టుకున్నాను.

ఆదివారం ఉదయం ట్రాలీ ఆటోలో గడ్డి పరిచి, మేకను నిలబెట్టి, ఇద్దరం చెరో పక్క పట్టుకుని బయలుదేరాం. ఎనిమిదింబావుకు మైదానం చేరాం. పోటీ తొమ్మిదికి అని కాగితంలో ఉంది. తొమ్మిదికి పదహారు గంటలు. నా లెక్క సరిగ్గా అంతకే వేశాను.

తొమ్మిదికి ఏమీ మొదలు కాలేదు. ముఖ్య అతిథి వచ్చి దీపం వెలిగిస్తేనే మొదలట. పదింటికి మైకులో ఆయన బయలుదేరారని చెప్పారు. పదకొండుకు దారిలో ఉన్నారని చెప్పారు. మా పక్కన నౌపడ వైపు నుంచి మూడు మేకలు తెచ్చినాయన ఉన్నాడు. నలభై ఏళ్లుంటాయి. మైకు విని, "గంట నుంచి దారిలోనే ఉన్నాడంతన్నారు. ఏ దారో మరి," అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు.

తెల్లది అవిశాకు ముట్టలేదు. వెనక కాళ్లు ఎడం చేసి నిలబడింది. మా ఆడపడుచు చెయ్యి పెట్టి సంచి మీద తడిమింది.

"రాయిలాగుంది, వదినా. పాలు తీసీనియ్యి."

"పద్దెనిమిది గంటలే అయ్యింది."

"నువ్వు పదారని సెప్పినావు."

"ఇప్పుడు తీస్తే సాయంత్రం దాకా మళ్లీ నిండదు. ఇంతసేపు నిలబెట్టింది ఎందుకే?"

పన్నెండున్నరకు నౌపడ ఆయన తన మేకల్ని వ్యాను వెనక్కి తీసుకెళ్లి బకెట్టులోకి పిండేశాడు. తిరిగి వచ్చి చేతులు తుడుచుకుంటూ మా మేక వైపు చూసి, మా వైపు అక్కను పిలిచినట్టు అప్పా అని పిలిచాడు.

"అప్పా, నాను పిండీసినాను. మూడోది వస్తే సాలు, రాకపోతే మానె. మీదేటి, సంచి కుట్టీసినారు? తాళం కూడా యెయ్యలేకపోనారా?"

"కత్తెర ఆవిడ దగ్గరున్నాది," అంది మా ఆడపడుచు.

ఆయన నా వైపు చూశాడు. నేను చేతిసంచి ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. ఆ మాట తర్వాత ఆయన మాతో సరదాగా మాట్లాడలేదు.

ఒంటిగంటకు ఆడపడుచు నా ముందుకొచ్చి చెయ్యి చాపింది. "కత్తెరియ్యి." అడిగింది అంతే. గట్టిగా కూడా అనలేదు. ఇవ్వలేదు నేను. ఒంటిగంటా ఇరవైకి ముఖ్య అతిథి వచ్చారు. ఇంక ఎంతోసేపు పట్టదనుకున్నాను. ఎద్దులు, ఆవులు, గేదెలు, గొర్రెలు అయ్యాక మేకలు. మా వరుస వచ్చేసరికి మూడున్నర.

మూడుంబావుకు కత్తెర ఆమె చేతికి ఇచ్చాను. ఆమె మోకాళ్ల మీద కూర్చుని ఒక్కో కుట్టూ కోసింది. సంచి తీయగానే చుట్టూ ఉన్నవాళ్లు దగ్గరికి వచ్చారు. అంత పొదుగు నేను కూడా ఎప్పుడూ చూడలేదు. చర్మం మెరుస్తోంది. కుట్టు వరస పడిన చోట, ఎడమ పక్క, ఎర్రటి గీత ఉంది. న్యాయనిర్ణేతలు ముగ్గురు. వాళ్లలో పెద్దాయన టేపు పెట్టి కొలిచి, అరచెయ్యి ఆనించి, వెంటనే తీసేశాడు.

"వెంటనే పాలు తీయించండమ్మా. కాగుతోంది," అన్నాడు.

మొదటి బహుమతి మాకే ఇచ్చాడు. బహుమతులు వచ్చినవాళ్లు ఫొటోకు నిలబడాలని మైకులో చెప్పారు. నిలబడ్డాం. కప్పు నా చేతిలో ఉంది. మా ఆడపడుచు మేక మెడ పట్టుకుని కెమెరా వైపు కాకుండా నేల వైపు చూస్తోంది. ఆ ఫొటో మా ఇంటి ముందు గదిలో గోడకు ఉంది.

పాలు తీయడం మొదలుపెట్టినది నాలుగున్నరకు. ఇరవై మూడున్నర గంటలు. కుడి వైపు పాలు వచ్చాయి. ఎడమ చన్ను నుంచి ముందు ఏమీ రాలేదు, తర్వాత నీళ్లలాంటివి వచ్చాయి, ఆ తర్వాత వాటిలో ఎర్రజీర.

సోమవారం పశువుల ఆసుపత్రి కాంపౌండరు వచ్చి చూశాడు. పొదుగు వాపని చెప్పి సూదులు వేశాడు.

"పాలు తీయకుండా ఎన్ని గంటలుంచారు?" అని అడిగాడు.

"పదహారు," అన్నాను.

"ఇరవై మూడున్నర," అంది మా ఆడపడుచు వెనక నుంచి.

ఆయన రెండు గంటలకోసారి పిండమన్నాడు, వేడినీళ్ల కాపడం పెట్టమన్నాడు. ఐదు రోజులు సూదులు వేశాడు. మా ఆడపడుచు పాకలోనే చాప వేసుకుంది. నాలుగో రోజుకు ఎడమ పక్క చల్లబడింది. కాపడం పెట్టినా చల్లగానే ఉంది. తర్వాత నీలంగా మారింది, తర్వాత నల్లగా. తెల్లది మేత మానేసి గోడకు తల ఆనించి నిలబడేది. పిల్లలు దగ్గరికి వస్తే తన్నేది. పిల్లలకు సీసాతో ఆవుపాలు పట్టాం. ఇరవై మూడో రోజున పొదుగు ఎడమ సగం తోలుతో సహా ఊడి పడింది. మా ఆడపడుచు దాన్ని గుడ్డలో చుట్టి పెరట్లో గొయ్యి తీసి పాతింది. పలుగు పట్టుకోవడానికి నేను వెళ్తే, "నువ్వెల్లు" అంది.

మేక బతికింది. ఒక పక్కే పాలు. మా ఆడపడుచు రెండు పూటలూ పిండుతోంది గాని పాలెన్నో కేకేసి చెప్పడం మానేసింది. నేను అడిగితే, "కొలపాత్రలో ఉన్నాయి, సూసుకో," అనేది. నేను వెళ్లి చూసుకుని రాసుకున్నాను. నురగతో సహా రాశాను.

మొదటి బహుమతి వచ్చిందని విని మార్చి నుంచి పిల్లల కోసం మనుషులు వచ్చారు. మొదట వచ్చినాయన తల్లిని చూపించమన్నాడు. పొదుగు చూసి ఇదేమిటని అడిగాడు. మేతలో ముల్లు గుచ్చుకుని చీము పట్టిందని చెప్పాను. మా ఆడపడుచు అక్కడే ఉంది. ఆయన తల ఊపి, ఫోను చేస్తానని వెళ్లిపోయాడు. చేయలేదు. రెండోసారి వచ్చినవాళ్లు ముందే విని వచ్చారు. ఆ జాతికి పొదుగు నిలవదంట కదా, దీని తల్లికీ అలాగే అయ్యిందంట కదా అన్నారు. దీని తల్లి చచ్చిపోయింది ఈత తర్వాత వచ్చిన జ్వరంతో. పొదుగుతో కాదు. అది కూడా పుస్తకంలో ఉంది. తీసి చూపించాను. పుస్తకం ఎవరు నమ్ముతారు, నేను రాసుకున్నదే కదా. వాళ్లు కూడా వెళ్లిపోయారు.

కాటా తెచ్చేవాడు మోటారుసైకిలు ఆపి, "పిల్లలు ఇచ్చీడమేనా, పెద్దమ్మా?" అని అడిగి వెళ్లాడు.

ఏప్రిల్లో విజయనగరం వైపు నుంచి ఒక మొగుడూ పెళ్లాం వచ్చారు. నాలుగు మేకలు ఉన్నాయట, జాతి పెట్టపిల్ల కావాలట. మాట్లాడేది పెళ్లామే. కళ్లు చూసింది, పళ్లు చూసింది, పిల్లల చెవులు తన జానతో కొలిచింది. తల్లి ఎక్కడుందని అడిగింది.

"మేతకెళ్లింది, దూరంగా," అన్నాను.

మాట పూర్తి కాకముందే మా ఆడపడుచు పాక వెనక నుంచి తెల్లదాన్ని తాడు పట్టుకుని తీసుకొచ్చింది. వాళ్ల ముందు నిలబెట్టి, వెనక్కి తిప్పింది. తోక పైకెత్తి పట్టుకుంది.

"ఫొటోలో ఉన్నది ఇదే. సూడండి."

పెళ్లాం వంగి చూసింది. ఎడమ పక్క ముడతలు పడిన మచ్చ తప్ప ఏమీ లేదు. ఆమె లేచి నన్ను అడిగింది.

"ఇది వంశంలో ఉన్నాదేటమ్మా? నిజం సెప్పండి. మాకు పిల్లలున్నారు, అప్పు సేసి కొంటన్నాం."

ముల్లు అని మళ్లీ చెప్పవచ్చు. చెబితే ఆ పెట్టపిల్లను వీళ్లు కూడా తీసుకోరు. ఆ తర్వాత దానికి మిగిలేది కాటా. మా ఆడపడుచు తోక వదలకుండా నా వైపే చూస్తోంది.

"వంశంలో లేదు," అన్నాను. "నేనే చేశాను. పోటీకి పాలు నిలవాలని ఇరవై మూడున్నర గంటలు పిండనివ్వలేదు. ఎవరూ తీయకుండా సంచి కుట్టేశాను. పదకొండు కుట్లు."

"సూదీ దారంతోనా?" అన్నాడు మొగుడు.

"ఆ."

"పొదుగుకా?"

"సంచికి."

"మరి అది అరవలేదా?"

"అరిసింది," అంది మా ఆడపడుచు.

పెళ్లాం కాసేపు నా చేతుల వైపు చూసింది. తర్వాత మొగుణ్ణి పక్కకు పిలిచి మాట్లాడింది. పెట్టపిల్లను తీసుకున్నారు. పోతుపిల్లను కూడా తీసుకోండి, జోడు ధరకు ఇస్తానన్నాను. వద్దన్నారు. ఒకే తల్లి పిల్లల్ని రెంటినీ ఒకచోట పెట్టుకుని ఏం చేస్తామని పెళ్లాం అంది. అది సరైన మాటే. ఆటో ఎక్కేటప్పుడు పిల్ల మెడకు కట్టిన తాడు మా ఆడపడుచు చేతుల్లోంచి తీసుకుంటూ, "మాం కుట్టంలే, అప్పా," అంది పెళ్లాం, ఆమెతోనే.

పోతుపిల్ల కోసం ఇంకెవరూ రాలేదు. తొమ్మిదో రోజున కాటావాడు వచ్చాడు. ఆ రోజు మా ఆడపడుచు పెరటి తలుపు వేసుకోలేదు. తనే పోతుపిల్లను ఎత్తుకుని వచ్చి, గోనెసంచిలో కాళ్లు దింపి, కాటా కొక్కేనికి తగిలించింది. పాకలో తల్లి రెండుసార్లు అరిచింది. కాటావాడు ముల్లు చూసే లోపల ఆమె చూసి గట్టిగా చెప్పింది, పాలు చెప్పినట్టు.

"పద్నాలుగు కిలోల రెండొందలు. రాసుకో."

రాసుకున్నాను. వాడు పిల్లను ముందు పెట్టుకుని వెళ్లిపోయాడు. దుమ్ము తగ్గేదాకా ఆమె వీధిలోనే నిలబడింది. లోపలికి వస్తూ నా కుర్చీ దగ్గర ఆగింది.

"ఆల్లకి పదకొండు కుట్లని సెప్పినావు."

"పదకొండే. ఆ సాయంత్రమే రాశాను."

"పదమూడు. కోసినదాన్ని నాను."

పొయ్యి దగ్గరికి వెళ్లిపోయింది. నేను పుస్తకం వెనక్కి తిప్పి ఫిబ్రవరి పేజీ తీశాను. పదకొండు కొట్టేసి పక్కన పదమూడు రాశాను. కొట్టివేత పక్కన సంతకం పెట్టడం పాల కేంద్రంలో అలవాటు. పెట్టాను.